పొద్దుండగా ఇచ్చిన తోడు

మరీ దారితప్పిన అంకెలు లేవని, చెదురుబాట్లు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సమానమేనని తులనిక అనే లెక్కల యంత్రం పచ్చదీపం వెలిగించింది. హైమావతి ఆ రెండు మెట్లూ దాటి మూడోదాని మీద వేలు పెట్టింది. విడి పోలిక. ఒక పక్క నీలిమూత ఇళ్ళు, మరో పక్క తెల్లమూత ఇళ్ళు. ప్రతి ఇంటి మరుగు గొట్టంలోనూ ఒక జల్లెడ ఉంటుంది. చంద్రుడి మీది ఈ ధూళిపేట మనుషుల ఎముకల్లోంచి ఆ పూట ఎంత సున్నం కరిగి కొట్టుకుపోయిందో అది రోజూ ఒక అంకెగా పంపుతుంది. దాని పేరు కరుగుడు. ఏడాది పొడుగునా పోగైన కరుగుడు ఇప్పుడు ఆమె ముందు కుప్పగా పడి ఉంది. పని సులువే. చివరి పక్షానికి రెండు గుంపుల సగటులు తీయాలి, వాటి మధ్య తేడాను చెదురుబాటుతో తూచాలి, ఆ తేడా నిజమో కాకతాళీయమో తేల్చాలి. తేల్చేది కూడా తులనికే. తూనికరిగా హైమావతి చేయవలసిందల్లా చివర్లో బొటనవేలు ఆనించడం.

గుమ్మటం అద్దంలోంచి ఏటవాలుగా ఎండ పడుతోంది. ఎండపక్షం ముగియవచ్చింది. రేపీపాటికి బయటి బండలన్నీ నల్లబడిపోతాయి, మళ్ళీ రెండు వారాల దాకా సూర్యుడు కనబడడు. ఆకాశంలో భూమి మాత్రం కదలకుండా అక్కడే ఉంటుంది. వచ్చిన కొత్తలో హైమావతి దాన్ని చూస్తూ అన్నం తినడం మరిచిపోయేది. ఇప్పుడు అలవాటైపోయింది గానీ, పూర్తిగా కాలేదు.

ఆమె మీట నొక్కింది.

తేడా ఎంత పెద్దదో చెప్పే టీ విలువ సున్నాని ఆనుకుని నిలబడింది. కాకతాళీయంగానే ఇంత తేడా వచ్చే అవకాశాన్ని చెప్పే పీ విలువ ఒకటికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. కింద తులనిక తన మామూలు గొంతుతో రాసింది: తేడా లేదు.

ఏడాది పాటు కొండను తవ్వితే ఎలుక కూడా దొరకలేదన్నమాట. హైమావతి కుర్చీలో వెనక్కి వాలింది. తేడా లేదన్న తీర్పులు ఆమెకు కొత్తకాదు. పదిలో ఏడెనిమిది అలాగే తేలతాయి. కాని ఈసారి ఆ మాట వెనుక ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు.

నీలిమూత గిన్నెల్లో ఇచ్చింది గట్టితోడు. మనిషి కడుపులో కాపురం పెట్టి, ఎముక కరగకుండా కాపలా కాసే సూక్ష్మజీవిని పెరుగులో కలిపి కింద భూమి మీది ప్రయోగశాలలో తయారుచేశారు. తెల్లమూత గిన్నెల్లో ఇచ్చింది మామూలు తోడు. ఏ ఇంటికి ఏది వెళ్ళాలో చీటీ తీసి నిర్ణయించారు. ఆ తర్వాత నెలనెలా అందరికీ ఒకే పాలపొడి. ఎవరి గిన్నెలో ఏముందో నిన్నటి దాకా హైమావతికి కూడా తెలియదు. మనిషి చేసిన జీవిని ప్రయోజనం రుజువు కాకుండా గుమ్మటంలో ఉంచడం నేరం. కాబట్టి ఆమె వేలు ఆనించగానే కొలిమి వెలుగుతుంది. ఇంటింటి పెరుగూ అందులోకి పోతుంది. గట్టితోడు అన్నది ఇక ఉండదు. ఉండకపోతే, ఇన్నేళ్ళకు మించి ఇక్కడ ఉండకూడదన్న ఎముక గడువు అలాగే ఉంటుంది. గడువు దాటినవాళ్ళు దిగుబండి ఎక్కి భూమికి దిగిపోవాలి.

ఈసారి దిగవలసినవాళ్ళలో పైడమ్మ ఉంది. ద్వారాలకు రబ్బరు కట్లు వేసే పనిశాల ఆమెది. విజయనగరం దగ్గర పుట్టి, పెళ్ళయిన ఏడే పైకి వచ్చింది. పాతికేళ్ళకు పైగా ఇక్కడి తేలిక నేలమీద నడిచిన కాళ్ళు అవి. కింద ఆమె బరువు ఆరింతలవుతుంది. దిగినవాళ్ళలో చాలామంది మంచం మీదే ఉండిపోయారని ధూళిపేటలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

హైమావతి బొటనవేలు పలక దాకా వెళ్ళి ఆగింది. పీ విలువ ఆమెను వదలలేదు. ఇన్ని ఇళ్ళు, ఇన్ని కడుపులు, ఇన్ని రకాల తిండి. చీటీ తీసి విడగొట్టిన రెండు గుంపుల సగటులు ఒకదాని మీద ఒకటి ఇంత బిగువుగా కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. మందు పనిచేయకపోతే తేడా ఉండదు, నిజమే. కాని ఏ మందూ ఇవ్వని రెండు గుంపుల మధ్య కూడా కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఇక్కడ ఆ కాస్త కూడా లేదు.

ఆమె నియమంలో లేని పని చేసింది. తెల్లమూత ఇళ్ళను మాత్రమే తీసుకుని జత పోలిక అడిగింది. అదే మనిషి, మొదటి పక్షంలో ఎంత కరిగాడు, చివరి పక్షంలో ఎంత కరిగాడు. తులనిక ఒక్క క్షణంలో చెప్పింది. టీ విలువ గడి చాలక పక్క గడిలోకి జరిగింది.

ఏమీ అందని వాళ్ళు కూడా బాగుపడ్డారు.

మొదట ఆమెకు నీళ్ళు గుర్తొచ్చాయి. ఆ ఏడే ధూళిపేటకు కొత్త నీటియంత్రం వచ్చింది. మునుపటికీ ఇప్పటికీ ఉన్న తేడా దానివల్ల కావచ్చు, కొత్త వ్యాయామపు పట్టీల వల్ల కావచ్చు. అందుకే కదా రెండో గుంపు ఉండేది. నీళ్ళు ఇద్దరూ తాగుతారు, పెరుగు ఒకరే తింటారు. ఆ లెక్కన నీళ్ళకే దండం పెట్టి వేలు ఆనించేయాలి. కాని ఆమెకు బొమ్మ గీయకుండా వదిలే అలవాటు లేదు. తెల్లమూత ఇళ్ళ సగటు కరుగుడును రోజువారీగా గీయమంది.

గీత తెర మీద ఎడమ నుంచి కుడికి పాకింది. హైమావతి ముందుకు వంగింది.

అది జారుడుబల్లలా దిగలేదు. మెట్లలా దిగింది. కొన్నాళ్ళు దిగుతుంది, కొన్నాళ్ళు కదలకుండా నిలబడుతుంది, మళ్ళీ దిగుతుంది. ఆమె కింద తారీఖుల పట్టీ పెట్టి చూసింది. దిగిన ప్రతిసారీ బయట ఎండపక్షం. నిలబడిన ప్రతిసారీ చీకటిపక్షం. ఏడాది పొడుగునా ఒక్క తప్పు లేదు. గుమ్మటం లోపల దీపాలు ఎప్పుడూ ఒకటే, వేడి ఒకటే, నీళ్ళు ఒకటే. ఎండ తగలని మనుషుల ఎముకలు సూర్యుడు ఉన్నాడో లేడో తెలుసుకుని ప్రవర్తిస్తున్నాయి.

ఆమెకు వెన్ను జలదరించింది. భయం కాదు. చిన్నప్పుడు మొదటిసారి సముద్రాన్ని చూసినప్పుడు ఇలాగే అయింది. ఇంత పెద్దది ఇక్కడే ఉండగా ఇన్నాళ్ళూ ఎలా తెలియలేదన్న ఆశ్చర్యం అది. ఆమె ఆ గీతను చూస్తూ ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు.

తలుపు దగ్గర చప్పుడైంది. పైడమ్మ అడక్కుండానే లోపలికి వచ్చింది. చేతిలో మూతబిగించిన చిన్న గిన్నె. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని పేటలో పేరు. వస్తూనే మొదలుపెట్టింది.

"పనిలో ఉన్నావేటమ్మా? ఒక్క నిమిషం. ఇది ఉంచుకో. నువ్వు బల్లకాడ కూడు తింటావని తెలుసు నాకు, అయినా ఉంచుకో. నాను దిగిపోతే నా ఇంట్లో పాలు తోడెట్టేవోళ్ళు ఎవులున్నారు? అందరికీ తలో కాస్తా పంచీసేను. నీ ఒక్కదానికే మిగిలింది."

"ఏంటి పిన్నీ ఇది?"

"తోడు. రేపటికి పొద్దుగూకిపోద్ది కదా. మరి రెండు వారాల దాకా ఇవ్వడానికి లేదు. అప్పటికి నానుండను."

హైమావతి లేచి నిలబడింది. "పొద్దుగూకితే ఎందుకివ్వరు?"

పైడమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "మీ యమ్మ సెప్పలేదేటి? సీకటడ్డాక పెరుగూ తోడూ ఇంట్లోంచి బయటికివ్వరు. లచ్చిందేవి ఎలిపోద్ది."

హైమావతి వాళ్ళమ్మ చెప్పలేదు. ఆమె పెరిగింది హైదరాబాదులో, హాస్టళ్ళలో. పెరుగంటే ఆమెకు చించుకునే పాకెట్టు. "పిన్నీ, ఇక్కడ చీకటంటే రెండు వారాలు కదా."

"అవును. మొదట్లో మాకూ ఇబ్బందిగానే ఉండీది. గడియారం ప్రకారం ఇచ్చీవొచ్చని కొందరన్నారు. గడియారానికేటి తెలుసు? బయట సూరీడు లేకపోతే సీకటే. అదే నియమం ఎట్టుకున్నాం. ఎండున్నప్పుడు ఇచ్చుకుంటాం, సీకట్లో ఎవులింటిది వాళ్ళదే."

హైమావతి తెర వైపు చూసింది, గీత మెట్ల వైపు. "నీ గిన్నె మూత ఏ రంగు పిన్నీ?"

"తెలుపు. ఏం పెరుగమ్మా అది, నీళ్ళలాగ తోడుకునీది. పక్కనే గౌరీసు పెళ్ళాం ఉంది సూడు, ఆళ్ళది రాయిలాగుంటది. గిన్నె బోర్లించినా పడదు. గిన్నెలిచ్చిన కొత్తలోనే ఒక సెంచాడు తెచ్చుకున్నాను. అప్పట్నించీ నాదీ రాయే. నా కాడ్నించి మరి నలుగురు పట్టుకెళ్ళారు."

"పరీక్ష జరుగుతున్నంతకాలం ఒకరి పెరుగు ఒకరు తినకూడదని అందరితో ప్రమాణం చేయించారు కదా."

పైడమ్మ ముఖం ముడుచుకుంది. ఇది ఆమెకు నిజంగా తగిలింది. "అదేటి మాట? ప్రమాణం సేసి తప్పుతామా? ఒకరిది ఒకరం ముట్టలేదు. మా మరిది ఇంటికెళ్ళినా మజ్జిగ పోస్తే ఒద్దనేదాన్ని. మిగతావోళ్ళూ అంతే. తోడు తెచ్చుకున్నాం గానీ పెరుగు ఎవులు తిన్నారు?"

"తోడు కూడా పెరుగే కదా పిన్నీ."

"సెంచాడు తోడు పెరుగేటి?" అంది పైడమ్మ. ఆ ప్రశ్నలో కపటం లేదు. అగ్గిపుల్ల అరువిస్తే ఇల్లు ఇచ్చినట్టా అని అడిగినట్టు అడిగింది. పని ఉందంటూ గిన్నె బల్ల మీద పెట్టి, పొడుగాటి తేలిక అడుగులు వేస్తూ వెళ్ళిపోయింది.

హైమావతి గిన్నెను దగ్గరికి లాక్కుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కింద నిపుణులు ఏళ్ళ తరబడి ఈ పరీక్షను అల్లారు. గాలి కలవకుండా, మురుగు కలవకుండా, అంకెలు కలవకుండా ఎన్ని కట్టుబాట్లు పెట్టాలో అన్నీ పెట్టారు. పాలు తోడుకోవాలంటే పక్కింటి తలుపు తట్టాలన్న సంగతి వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు, వాళ్ళ పాలు ఎక్కడో కర్మాగారంలో తోడుకుంటాయి కాబట్టి. గట్టితోడు చెంచా చెంచాగా ఇంటి నుంచి ఇంటికి నడిచింది. ఎండ ఉన్నంతసేపూ నడిచి, చీకటి పడగానే కూర్చుంది. ఎవరూ తెలియజెప్పకుండా, ఎవరికీ తెలియకుండా ఒక ఊరంతా ఒకే కడుపైంది. ఆ మాట మనసులో తిరిగినప్పుడు ఆమె కళ్ళు చెమర్చాయి.

ఆమె నిర్ణయ మండలికి కబురు పెట్టింది. భూమి నుంచి సోమశేఖరం పలికాడు. ధూళిపేట తులనాలన్నీ ఆయన చేతిమీదుగానే వెళ్తాయి. ఒకప్పుడు ఆయనా తూనికరే. మాటకూ మాటకూ మధ్య రెండు గుక్కల ఆలస్యం ఉంటుంది. ఆ దూరానికి ఇద్దరూ అలవాటుపడ్డారు. ఆమె అంతా చెప్పింది. మెట్ల గీత పంపింది.

ఆయన గీతను చూసినట్టున్నాడు. గొంతు మారింది. "ఇలాంటిది నా సర్వీసులో చూడలేదమ్మా."

"గట్టితోడు పనిచేస్తోంది సార్. అందరిలోనూ పనిచేస్తోంది. అందుకే తేడా లేదు."

"నాకు అర్థమైంది. తులనికకు కాదు. దానికి రెండు సగటులే కావాలి." గొంతు తగ్గించి అన్నాడు. "ఒక మార్గం ఉంది. తోడు తెచ్చుకున్న తెల్లమూత ఇళ్ళను నీలి వైపు జరపండి. తెచ్చుకోని ఇళ్ళు ఎన్నో కొన్ని మిగులుతాయి కదా. వాటిని తెల్ల వైపు ఉంచండి. తేడా కనిపిస్తుంది. నేను చూడనట్టు ఊరుకుంటాను."

ఆయన మంచివాడు. ఆ మాట మంచితనంతోనే అన్నాడు. హైమావతి లైను మీద ఉండగానే అలా జరిపి చూసింది, నకలు పలక మీద. టీ విలువ ఎగిరి కూర్చుంది. పీ విలువ సున్నాల వెనుక దాక్కుంది. తులనిక రాసింది: తేడా ఉంది, నిస్సందేహం. ఒక్క వేలిముద్ర ఆనిస్తే చాలు, కొలిమి వెలగదు, పైడమ్మ దిగదు, గడువు అన్న మాటే చట్టంలోంచి పోతుంది.

ఆమె మిగిలిన తెల్లమూత ఇళ్ళ పేర్లు చదివింది. ఇద్దరు తాగుబోతులు. అన్నదమ్ములతో మాటల్లేని ఒక వెల్డరు. భార్య పోయాక తలుపు తీయని ఒక మాస్టారు. అసలు పెరుగే ముట్టని ఒకాయన. తోడు కోసం ఎవరింటికీ వెళ్ళనివాళ్ళు, ఎవరూ తమ ఇంటికి రానివాళ్ళు.

"సార్, వీళ్ళను విడగొట్టింది చీటీ కాదు, ఒంటరితనం. వీళ్ళ ఎముకలు గట్టితోడు లేక కరుగుతున్నాయో, తాగుడుతోనో, మంచం దిగకపోవడంతోనో నేను చెప్పలేను. ఇది తేడానే. దేని తేడానో తెలియని తేడా."

"తెలియకపోయినా జవాబు సరైనదే కదా."

"ఇవాళ సరైన జవాబు కోసం నేను గుంపులు కదిపితే, రేపు ఇంకొకరు విషానికి కూడా ఇలాగే తేడా చూపిస్తారు. అప్పుడు వాళ్ళకు అడ్డం చెప్పే ముఖం నాకుండదు."

రెండు గుక్కల ఆలస్యం. "మరైతే వేలు ఆనించండి. నియమం అదే."

"నియమంలో ఇంకొకటి కూడా ఉంది సార్. వేలు ఆనించే ముందు పలక ఒక ప్రశ్న అడుగుతుంది. గుంపులు విడివిడిగా ఉన్నాయా, అని."

సోమశేఖరం ఊపిరి బరువుగా వినిపించింది. ఆ ప్రశ్న ప్రతి తులనానికీ వస్తుంది. రాకపోకల్లో గడప తొక్కినట్టు అందరూ చూసుకోకుండానే దానికి అవునని నొక్కుతారు. పక్కన కాదు అన్న గడి కూడా ఉంటుంది. దాన్ని నొక్కినవాళ్ళు ఎవరూ లేరు. నొక్కితే తులనం చెల్లదు. తీర్పు వెలువడదు కాబట్టి కొలిమి వెలగదు. తేలేదాకా గడువులన్నీ ఆగిపోతాయి. నొక్కిన తూనికరి మాత్రం పీట దిగి, మొదటి దిగుబండిలో విచారణకు వెళ్ళాలి. తిరిగి పీట ఎక్కిన తూనికరి గురించి నియమం ఏమీ చెప్పలేదు, అలాంటి మనిషి ఉండదనే లెక్కన.

"హైమావతిగారూ, కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకండీ," అన్నాడు సోమశేఖరం. "మీకీ పనంటే ప్రాణమని నాకు తెలుసు."

అది నిజమే. అంకెల కుప్ప ముందు కూర్చుని, అందులో ఏముందో ఇంకా ఎవరికీ తెలియని ఆ మొదటి నిమిషం కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది. అది ఇక ఉండదన్న ఆలోచన కత్తిలా దిగింది. ఆమె ఒకసారి కళ్ళు మూసుకుంది. తర్వాత తెరిచి, కాదు అన్న గడి మీద బొటనవేలు పెట్టి గట్టిగా ఆనించింది.

తులనిక మొదటిసారిగా కారణం అడిగింది. కారణం రాసే చోటు ఇరుకుగా ఉంది, ఎన్నడూ ఎవరూ వాడరని తయారుచేసినవాళ్ళు అనుకున్నట్టు. ఆమె క్లుప్తంగా రాసింది.

*ఈ ఊళ్ళో తోడు ఇచ్చిపుచ్చుకుంటారు. ఇక్కడ రెండు గుంపులు లేవు.*

పచ్చదీపం ఆరిపోయింది. కొలిమి గుర్తు పక్కన ఉన్న గడియారం నిలిచిపోయింది. దిగుబండి పట్టీలో పైడమ్మ పేరు బూడిదరంగులోకి మారి, పైన హైమావతి పేరు చేరింది. ఇంతవరకూ ఆమె ఊహించిందే.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించలేదు. ఒక తులనంలో తేలిన లోపం అదే అల్లికతో జరిగిన మిగతా తులనాల్లోనూ ఉందేమో చూడాలన్నది తులనిక ధర్మం. లోపమే ఎన్నడూ తేలలేదు కాబట్టి ఆ ధర్మం ఇన్నాళ్ళూ నిద్రపోయింది. ఇప్పుడు లేచింది. తెర మీద పాత తీర్పులు ఒక్కొక్కటిగా తెరుచుకోవడం మొదలైంది. దుమ్ముదగ్గు కషాయం, తేడా లేదు. నిద్రదీపం, తేడా లేదు. పసిపిల్లల కంటిచుక్కలు, తేడా లేదు. అన్నీ కొలిమికి పోయినవే. గుమ్మటాలు, కక్ష్యలో తిరిగే వాడలు, కింద సముద్రపు ఒడ్డున తేలే పేటలు, ఒక దాని వెనుక ఒకటి వెలుగుతున్నాయి. ఎక్కడెక్కడి తూనికరుల పలకల మీదికో ఒకే ప్రశ్న వెళ్తోంది.

*మీ ఊళ్ళో ఏం ఇచ్చిపుచ్చుకుంటారు?*

హైమావతి చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. జవాబులు రావడం మొదలైంది. ఒక వాడ నుంచి: దీపం ఉన్న గదిలోనే ఇరుగుపొరుగు పిల్లలంతా పడుకుంటారు. ఒక గుమ్మటం నుంచి: కషాయం దగ్గేవాళ్ళ ఇంటికి పంపుతారు. ఇంకొక చోటి నుంచి ఒకే మాట: అన్నీ. మనుషులు ఒకరికొకరు చేసుకున్న మేలు, ఇన్నేళ్ళుగా సున్నా అని నమోదైన మేలు, తెర పట్టనంతగా పైకి వస్తోంది. ఆ సున్నాల లోపల ఇంత ఉందా అని ఆమె నోరు తెరుచుకుని చూసింది.

"సార్, చూస్తున్నారా?"

రెండు గుక్కల ఆలస్యం గడిచింది. భూమికి ఎంత దూరమో ఆమెకు బాగా తెలుసు. ఈ మౌనం ఆ దూరాన్ని దాటి ఇంకా సాగింది.

"నాకూ వచ్చింది ప్రశ్న," అన్నాడు సోమశేఖరం చివరికి. "నేను తూనికరిగా ఉన్నప్పటిది. కంటిచుక్కలు. ఆ పేటలో తల్లులు ఏం చేసేవారో నాకు తెలుసమ్మా. ఒకే సీసా వీధి వీధంతా తిరిగేది. నేను చూశాను కూడా. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు."

హైమావతి తెర మీద కంటిచుక్కల తీర్పును వెతికి తెరిచింది.

"లైను మీదే ఉండండి," అన్నాడాయన. "రాయాలి."

అవతల ఆయన వేళ్ళు పలక మీద కదులుతున్న చప్పుడు, అంత దూరం నుంచి, ఆమెకు స్పష్టంగా వినిపించింది.